జంట ఊళ్ళ సంఘం చేసిన తీర్మానం

ఇంగ్లండులో మా థాక్స్‌బీ ఊరివాళ్ళకు ఒక నమ్మకం. ఎంతటి పీడైనా సరే, హాల్లో కుర్చీలు వేసుకుని కూర్చుని, టీ తాగి, చేతులెత్తి ఓటేస్తే వదిలిపోతుందని. చర్చి పైకప్పు కారినా అంతే, బస్టాపు దగ్గర కుక్కలు పాడుచేసినా అంతే. ఫ్రాన్సు వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్న కొత్త రూలు వచ్చినప్పుడూ మావాళ్ళు అదే పని చేశారు. రూలు మాకు వర్తించదని తీర్మానించారు. ఆ వేసవి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నోరు చేదవుతుంది.

ఫ్రాన్సులో సాంతోమెల్ అనే ఊరూ మా ఊరూ జంట ఊళ్ళు. ఒక ఏడు వాళ్ళు బస్సేసుకుని వచ్చి మా ఇళ్ళలో మూడు రోజులుంటారు, మరుసటి ఏడు మేం వెళ్ళి వాళ్ళ ఇళ్ళలో ఉంటాం. దానికో సంఘం, సంఘానికో కమిటీ, కమిటీకి చైర్మన్ మా ఆయన రోలండ్ ప్రౌట్. ఎవరింటికి ఎవరు అన్నది మొదట్లోనే తేలిపోయి అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళుగా మా ఇద్దరికీ ఒడీల్ అనే ఆవిడ ఇల్లే. మొదటి ఏడు నాకు ఫ్రెంచి రాదు, ఆమెకు ఇంగ్లిష్ రాదు. అయినా వంటింట్లో కూర్చుని నవ్వుకున్నాం. తర్వాత ఆమె మాటలు నాకూ నా మాటలు ఆమెకూ పట్టుబడ్డాయి. నా కడుపులో మాట నా అక్కచెల్లెళ్ళకంటే ఒడీల్‌కే ఎక్కువ తెలుసు.

ఆ ఏడు ఏప్రిల్లో ఆమె ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంటే జలుబనుకున్నాను.

"జలుబు కాదు లోర్నా. గొంతులో పుండు, రాచపుండు. స్వరపేటిక మొత్తం తీసేస్తారట."

"తీసేస్తే?"

"తీసేస్తే ఇంకేముంది, ప్రాణం ఉంటుంది, గొంతు ఉండదు. డాక్టరు ముందే చేసేద్దాం అన్నాడు. నేను బేరమాడాను. జులైలో మీరొచ్చి వెళ్ళాక చేరతానన్నాను. మీ బస్సు వెళ్ళిపోయే ఆదివారం సాయంత్రం నేను ఆస్పత్రికి వెళ్తా. ఆ మూడు రోజులూ నువ్వు నా ఎదురుగా కూర్చోవాలి. గొంతు అరిగిపోయేదాకా మాట్లాడుకుందాం."

వస్తానన్నాను. ఆకాశం విరిగి మీదపడినా వస్తానన్నాను.

కొత్త రూలు సంగతి అప్పటికే అందరికీ తెలుసు. మొదట్లో మొహమాటానికి ఇచ్చిన గడువులు అయిపోయి, అనుమతి లేనివాణ్ణి నిజంగానే వెనక్కి పంపే మొదటి వేసవి అది. మా ఊళ్ళో జనం బేకరీ దగ్గరా మందుల షాపు దగ్గరా ఒకటే తిట్లు. యూరప్ కూటమి నుంచి బయటికొచ్చేద్దామని ఓటేసిందీ వీళ్ళే, బయట నిలబెడుతున్నారని ఏడ్చేదీ వీళ్ళే. మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో 'మన సరిహద్దులు మనవి' అని మా ముందుగది కిటికీలో బోర్డు పెట్టిన మనిషి, వాళ్ళ సరిహద్దులు వాళ్ళవనేసరికి ఒంటికి కారం రాసుకున్నట్టు గెంతాడు.

మేలో చర్చి హాల్లో మీటింగు పెట్టారు. సెక్రటరీ జిలియన్ తోర్ప్ కళ్ళజోడు సర్దుకుని చదివింది. "ఫోన్లోనే అయిపోతుందట. ఇరవై యూరోలు. డెబ్భై దాటినవాళ్ళకు అదీ లేదు. ఒకసారి తీసుకుంటే మూడేళ్ళు పనిచేస్తుంది."

"డబ్బు సంగతి కాదు జిలియన్," అంటూ రోలండ్ లేచాడు. "మనం సముద్రం ఒడ్డున ఒళ్ళు కాల్చుకోడానికి పోతున్నామా? మనం అతిథులం. మేయర్ పిలిస్తే వెళ్తున్నాం. పిలిచినాయన గుమ్మం ఎక్కడానికి ఇంకెవడి పర్మిషనో ఎందుకంట?"

"బాగా చెప్పావ్!" అని వెనకనుంచి కేకలు.

"మేయర్‌కి రాశాను కూడా. 'మిమ్మల్ని చూడటం మాకెంతో ఆనందం' అని జవాబిచ్చాడు. ఇంకేం కావాలి?"

"ఆనందం అన్నాడు సరే. రూలు మీకు లేదన్నాడా?" అని నేనడిగాను.

హాలంతా నావైపు తిరిగింది. రోలండ్ నవ్వాడు, నలుగురిలో భార్యను సముదాయించే ఒక నవ్వు ఉంటుందే, అది. "లోర్నా, పెద్దమనుషులు నోరు విప్పి అంతకంటే చెప్పరు. అర్థం చేసుకోవాలి."

విల్ఫ్ హాకిన్ కర్ర నేలకేసి కొట్టాడు. ఎనభై దాటిన మనిషి, రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరయ్యాడు. చెవులు సగమే పనిచేస్తాయి. "అందరం ఒక్కమాట మీద నిలబడితే బస్సెడు మందిని వెనక్కి పంపే మగాడెవడో నేనూ చూస్తా! అసలే నేను మేయర్ వాళ్ళ మామతో ఇనపగుండ్లాట బాకీ ఉన్నా!"

చప్పట్లు మోగాయి. 'సంఘ సభ్యులెవరూ ఈ అనుమతి కోసం దరఖాస్తు చేయరాదు' అని రోలండ్ తీర్మానం పెట్టాడు, జిలియన్ బలపరిచింది. చేతులు లేచాయి. వద్దన్న చెయ్యి నాదొక్కటే. జిలియన్ దాన్ని జాలిగా చూసి రాసుకుంది.

ఇంటికొచ్చాక అడిగాను. రోలండ్ వంటింటి కుర్చీలో కాలు పైకి పెట్టుకుని గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. పొద్దున నేను రొట్టె పిసికిన బల్ల పక్కనే. ఒక గోరు ఎగిరి వెన్న గిన్నె దగ్గర పడింది.

"నేను మాత్రం చేసుకుంటా రోలండ్. ఒడీల్ సంగతి నీకు తెలుసు."

"చేసుకో. చేసుకుని నన్ను నడిబజార్లో నిలబెట్టు. చైర్మన్ పెళ్ళామే మాట తప్పిందంటే రేపు నా మొహానికి ఎంత విలువ?"

"బస్సు ఆపేస్తే?"

"ఆపరు. ఆపినా నేను దిగి ఒక మాట మాట్లాడతా. ప్రతిచోటా తెలివైనవాడొకడు ఉంటాడు లోర్నా, వాడితో మెల్లగా ఒక మాట మాట్లాడితే పనవుతుంది. ముప్పై ఏళ్ళల్లో ఎప్పుడైనా నిన్ను ఒడీల్ గుమ్మం ముందు దించకుండా ఉన్నానా?"

లేదు, దించాడు. ఆ మాట నిజమే. ఇంకోటి కూడా ఉంది. మా నాన్న రేవులో కూలీ. హాల్లో సమ్మెకు చెయ్యెత్తి తెల్లారి వెనకగేటు నుంచి పనికి పోయిన ఒకడితో చచ్చేదాకా మాట్లాడలేదు ఆయన. వాడి పెళ్ళాం మా వీధిలో నడిస్తే మా అమ్మ తలుపు వేసేది. నేను వద్దని ఓటేసినా, నలుగురూ కలిసి తేల్చాక నాదొక దారి అనడం నా ఒంటికి సరిపడదు. అందుకే ఊరుకున్నాను. వెన్న పారేసి బల్ల కడిగాను.

జులై శుక్రవారం తెల్లవారకుండానే బస్సు బయల్దేరింది. గుడ్డు శాండ్‌విచ్‌లు నావే, ఫ్లాస్కుల్లో టీ నాదే. ఒడీల్‌కి మామూలుగా పట్టుకెళ్ళే టీ పొట్లాలు కాక ఈసారి మెత్తటి సిల్కు మెడగుడ్డలు రెండు కొన్నాను, ఆపరేషన్ తర్వాత కట్టుకోడానికి. దారిలో రోలండ్ మైకు పట్టుకుని మర్నాటి విందులో చదవబోయే ప్రసంగం వినిపించాడు. "స్నేహితుల మధ్య సరిహద్దులుండవు" అన్నచోట అందరూ కాళ్ళతో నేల తట్టారు. నా పక్కన కూర్చున్న విల్ఫ్ నన్ను మోచేత్తో పొడిచాడు. "ఏమన్నాడు అమ్మాయ్?" అంటే చెవిలో అరిచి చెప్పాను. "భేష్!" అన్నాడు.

డోవర్ రేవులో, ఇంకా ఇంగ్లండు ఒడ్డునే, ఫెర్రీ ఎక్కకముందే ఫ్రెంచి పోలీసుల గది ఉంటుంది. బస్సులో అందర్నీ దింపి వరుసలో నిలబెట్టారు. ఎండ చురుక్కుమంటోంది, డీజిల్ వాసన, చెత్తబుట్ట మీద సీగల్ పక్షులు పీక్కుంటున్నాయి. గాజు వెనక యూనిఫాంలో ఓ అమ్మాయి. నేను వరుసలో వెనక్కి జరిగాను. రోలండ్ మాత్రం పెళ్ళికొడుకులా ముందు నడిచాడు. పాస్‌పోర్టు ఇచ్చాడు. ఆ అమ్మాయి చూసింది, వేళ్ళ గుర్తులు తీసుకుంది, పచ్చదీపం వెలిగింది, పంపేసింది.

విల్ఫ్ నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "చూశావా! మేయర్ మాట పనిచేసింది! ఊరకే భయపడి చస్తారు ఆడాళ్ళు."

జిలియన్ వెళ్ళింది, పచ్చదీపం. ఆమె మొగుడు, పచ్చదీపం. బేకరీ వాళ్ళు, పాటల మాస్టారు, ట్రెజరర్, ఆయన వదిన, ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడటం లేదు. గెలిచినవాళ్ళు మామూలుగా వెనక్కి చూసి నవ్వుతారు కదా అని నాకు తోచింది. విల్ఫ్ నెమ్మదిగా నడుస్తాడని అతని సంచి నేను మోస్తున్నాను, అందుకని మేమిద్దరం ఆఖరు.

ఆ అమ్మాయి నా పాస్‌పోర్టు రెండుసార్లు యంత్రంలో పెట్టి చూసింది. "మేడమ్, మీకు ప్రయాణ అనుమతి లేదు."

"అవును. మాలో ఎవరికీ లేదు."

ఆమె తల పక్కకు వంచి, బస్సు దగ్గర గుమిగూడినవాళ్ళను చూసింది. "అందరికీ ఉంది మేడమ్. మీకూ ఆయనకూ తప్ప."

విల్ఫ్ "ఏమంటోంది?" అన్నాడు. నేను చెప్పలేదు.

రోలండ్‌ను పిలిపించారు. జిలియన్ కూడా వెంట వచ్చింది, చేతిసంచి గుండెకు హత్తుకుని. నేనేం అడగకముందే ఆమె గబగబా మొదలుపెట్టింది.

"అది కాదు లోర్నా, తీర్మానం తీర్మానమే. కాకపోతే ఒకవేళ అని... ముందుజాగ్రత్తకి... నేనే నలుగురికీ ఫోన్ చేసి ఎవరికివాళ్ళు చేసుకోమన్నా. విల్ఫ్‌కి చేశాను, ఆయన ఫోనెత్తడు. నీకెలాగూ రోలండ్ చెప్తాడు కదా అనుకున్నా."

రోలండ్ చెవులు ఎర్రబడ్డాయి. "చెబుదామనే అనుకున్నా. నీకూ చేసేద్దామనే అనుకున్నా. ముందే చెబితే ఎక్కడ బయటపడుతుందోనని... నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా. ఆఖరివారం చూద్దాంలే అనుకున్నా. ఆ మేయర్‌కిచ్చే బహుమతి పలక ఒకటి, లాటరీ టిక్కెట్లొకటి... మర్చిపోయానే."

మర్చిపోయాడు. పలకమీద అక్షరాలు మూడుసార్లు మార్పించిన మనిషి. కావాలని చేశాడని తెలిస్తే బహుశా కోపం వచ్చేది. కోపం రాలేదు. మురిగిన గుడ్డు పగిలితే మనిషి ఎలా వెనక్కి జరుగుతాడో నేను అలా ఒక అడుగు వెనక్కి జరిగాను. ముప్పై తొమ్మిదేళ్ళు ఈ మనిషి పక్కన పడుకున్నానా అనిపించింది.

"ఒక మాట మాట్లాడతానన్నావుగా. మాట్లాడు," అన్నాను.

గాజు దగ్గరికి వెళ్ళాడు. గొంతు సవరించుకుని, తను చైర్మననీ, ఇవతలామె తన భార్యనీ, మేయర్ స్వయంగా పిలిచాడనీ చెప్పాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, దరఖాస్తు ఇప్పుడైనా పెట్టుకోవచ్చు, చాలామందికి నిమిషాల్లో వస్తుంది, కొందరికి నాలుగు రోజులు పడుతుంది అంది. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. ఫెర్రీ టైమవుతోంది.

రోలండ్ బస్సు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నిమిషాల్లో వచ్చేస్తుందంది కదా. తర్వాతి ఫెర్రీకి వచ్చెయ్. నేను ఉండిపోదును, కానీ... ప్రసంగం ఎవరో ఒకరు చెయ్యాలిగా లోర్నా."

బస్సు మెట్ల మీద జిలియన్ మొగుడు వాచీ చూపిస్తున్నాడు. పైన పటారం, లోన లొటారం. ఈ జనానికి మేలో అంత చప్పట్లు కొట్టే ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో! దరఖాస్తు చేసుకోవడం తప్పు కాదు. నేను మొదటే చెప్పాను చేసుకుందామని. చేసుకుని, చేసుకోనివాళ్ళలా కాలర్లు ఎగరేసుకుని, నమ్మిన ముసలాయన్ని ఎండలో నిలబెట్టి పోవడం, అదీ నాకు రోత. నేనిచ్చిన శాండ్‌విచ్ నములుతూ కిటికీలోంచి ఒకరిద్దరు చెయ్యి కూడా ఊపారు.

బస్సు వెళ్ళాక విల్ఫ్‌కి అంతా చెప్పాను, రెండు చెవుల్లోనూ అరిచి. ఆయన కర్ర పిడి తడుముకున్నాడు.

"అందరూనా?"

"అందరూ."

"పాటల మాస్టారు కూడానా? వాడు దేవుడి పాటలు నేర్పుతాడే!" అని నేలమీద ఉమ్మాడు. ఆయన అలా ఉమ్మడం నేనెప్పుడూ చూడలేదు.

అక్కడే బెంచీ మీద కూర్చుని నా ఫోన్లో ఇద్దరికీ దరఖాస్తు పెట్టాను. గుడ్డు ఉడికేంత సేపు కూడా పట్టలేదు. విల్ఫ్ అనుమతి అప్పటికప్పుడు వచ్చింది. నాది రాలేదు. 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది. ఎందుకో వాళ్ళు చెప్పరు, ఎవర్ని అడగాలో తెలీదు. తర్వాతి ఫెర్రీ వెళ్ళిపోయింది. ఆ తర్వాతిదీ వెళ్ళిపోయింది.

"మీరు వెళ్ళండి విల్ఫ్. అవతల రేవు నుంచి రైలుంది. మీ గుండ్లాట..."

"పోనీ అమ్మాయ్. ఆ మూకతో ఒకే బల్ల దగ్గర కూర్చుంటే నాకు ముద్ద దిగుతుందా? పద, చిప్స్ కొనిపెడతా, ఆకలితో ఏడవకూడదు మనిషి."

సముద్రానికి ఎదురుగా ఓ చిన్న గెస్ట్‌హౌస్‌లో రెండు గదులు తీసుకున్నాం. నా అనుమతి ఎప్పుడు వచ్చిందో కూడా చెప్పేస్తాను: సోమవారం పొద్దున. అప్పటికి ఒడీల్ ఆపరేషన్ బల్లమీద ఉంది.

శుక్రవారం సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే ఆమెకు ఫోన్ చేశాను. బెంచీ మీద ఉన్నప్పుడే మెసేజ్ పెట్టి జరిగింది చెప్పి ఉన్నాను కాబట్టి ఆమె దాని ఊసెత్తలేదు, నేను ఏడుస్తానేమోనని భయపడిందేమో. గొంతు ఏప్రిల్ కంటే బాగా పాడైంది, చెక్క మీద గరిటె గీసినట్టుంది. అయినా ఒడీల్ గొంతే.

"నా ఎదురుగా కుర్చీ వేసి, దానిమీద ఫోన్ పెట్టుకున్నా," అంది. "కాబట్టి నువ్వొచ్చినట్టే. టీ కూడా పోశా, నువ్వు తాగే ఆ పాలు కలిపిన దరిద్రపు టీ. ఎక్కణ్ణుంచి మొదలుపెడదాం?"

"నీ ఇష్టం."

"అయితే మార్సెల్ నన్ను పెళ్ళికి అడిగిన రోజు చెప్తా. పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు నీకు."

మార్సెల్ ఆమె భర్త, పోయి పన్నెండేళ్ళయింది. పెళ్ళికి ముందు అతను ఉల్లిపాయల లారీ నడిపేవాడట. ఆమె వాళ్ళ నాన్నకు ఎదురుపడటానికి భయపడి, లారీ రోడ్డు మీదే ఆపి, ఉల్లి బస్తా దించే వంకతో పెరట్లోకి వచ్చాడట. ఆమె మధ్యలో ఆగి నీళ్ళు తాగుతోంది, మళ్ళీ చెబుతోంది. నేను కిటికీ గట్టుమీద కూర్చుని వింటున్నాను. ప్రతి మాటా ఎక్కడ దాచుకోవాలా అని ఉంది నాకు. ఏం చెబుతోందో కంటే ఎలా చెబుతోందో విన్నాను, ఎక్కడ ఎగపోస్తోంది, ఎక్కడ నవ్వుతోంది, నా పేరు చివర ఎలా సాగదీస్తోంది.

"బస్తాకి అడ్డంగా నిలబడి, నా చేతులకి మట్టుంది గానీ..." అంటుండగా అవతల గంట మోగింది.

"ఉండు," అంది. కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు. తర్వాత రోలండ్ గొంతు, హుషారుగా, తనకొచ్చిన నాలుగు ఫ్రెంచి ముక్కల్లో నమస్కారం. అందరి అతిథుల్నీ ఆతిథ్యమిచ్చేవాళ్ళు మేయర్ ఆఫీసు దగ్గరికొచ్చి తీసుకెళ్ళి ఉంటారు. తన కోసం ఎవరూ రాకపోతే, బ్యాగు ఈడ్చుకుంటూ తనే నడిచి వచ్చినట్టున్నాడు.

"చిన్న కాగితాల గొడవ," అంటున్నాడు. "లోర్నా రేపో ఎల్లుండో వచ్చేస్తుంది. నువ్వేం కంగారుపడకు ఒడీల్. నా గది పైదేగా?"

ఒడీల్ ఇంగ్లిష్‌లో మాట్లాడింది. వంటింట్లో నా దగ్గర నేర్చుకున్న ఇంగ్లిష్, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ.

"రోలండ్, నాకు ఇంక కొన్ని మాటలే మిగిలాయి. ఇవాళా రేపూ, ఎల్లుండి సాయంత్రం దాకా. నీ మీద ఖర్చు పెట్టను."

రోలండ్ ఏదో అనబోయాడు, "కానీ నేను..." అన్నాడు. తలుపు పడింది. గడియ పడింది.

కుర్చీ మళ్ళీ జరిగింది. నీళ్ళు తాగింది.

"ఆ, ఎక్కడున్నాం?" అంది ఒడీల్.

"చేతులకి మట్టుందన్నాడు."

"ఆఁ, మట్టి. మోచేతుల దాకా," అని నవ్వి, చెప్పడం మొదలుపెట్టింది.